గల్ఫ్ నుంచి వచ్చినాక మొదటి ఆరు నెలలు
చేతిలోని సొమ్ము ఎలా నిలుపుకోవాలి? నాలుగు బర్రెల లెక్కతో ఒక పాఠం

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ జిల్లాల పల్లెల్లో గల్ఫ్ ముఖం చూడని వాడకట్టు లేదు. పోయేవారిని సాగనంపినట్టే, వచ్చేవారిని ఎదుర్కొనడమూ మన ఊళ్లకు అలవాటైపోయింది. 1990లో కువైట్ యుద్ధం వచ్చినప్పుడు కట్టుబట్టలతో వచ్చారు. 2013లో సౌదీలో స్థానికులకే ఉద్యోగాలనే నితాఖత్ నిబంధన బిగిసినప్పుడు వచ్చారు. 2018లోను, 2024లోను దుబాయ్ వాళ్లు క్షమాభిక్ష పెట్టినప్పుడు కొందరు వచ్చారు. 2020లో కరోనా వేళ ప్రత్యేక విమానాల్లో దిగినవారు సరేసరి. ఎట్లా వచ్చినా, వచ్చిన మూడో నెలలో అందరి ముందూ ఒకటే ప్రశ్న: ఇక ఇక్కడ ఏం చేసి బతకాలి?

ఎకరం, ఎకరంన్నర భూమి ఉన్న రైతు పదేళ్లు ఎండల్లో కష్టపడి తెచ్చిన అయిదారు లక్షలు ఎక్కువగా పోయేది ఆ మొదటి ఆరు నెలల్లోనే. బోరు వేస్తారు, నీళ్లు పడవు. పక్కన మరో బోరు వేస్తారు. లేదా కిస్తీల మీద ట్రాక్టరు తెస్తారు. లేదా కిరాణం పెట్టి ఊరంతా ఉద్దెర ఇస్తారు. వీటిలో ఏదీ చెడ్డ పని కాదు. లెక్క వేయకుండా దిగడమే చెడ్డది.

కోరుట్ల దగ్గరి ఒక పల్లెలో 11 ఏళ్లు షార్జాలో పనిచేసి 2020లో తిరిగివచ్చిన ఒక రైతును ఈ మధ్య కలిశాను. వచ్చిన రెండో నెలలోనే ట్రాక్టరు తెచ్చారు. అప్పటికే ఆ ఊళ్లో 14 ట్రాక్టర్లు ఉన్నాయి. "ఎన్ని ఉన్నయో లెక్కపెట్టలేదే అన్నా. మా బామ్మర్ది కొన్నడు, నేనూ కొన్న. నాట్ల కాలం నెల రోజులు చేతినిండ పని. తర్వాత అది చింతచెట్టు కింద, కిస్తీ నా నెత్తి మీద" అన్నారు. రెండేళ్లకు దాన్ని అమ్మేశారు. పోగా మిగిలిన డబ్బుతో భార్య మాట విని రెండు బర్రెలు కొన్నారు. ఇప్పుడు నాలుగున్నాయి. ఇల్లు గడుస్తోంది. ఆయన పడుతూ లేస్తూ నేర్చుకున్నదాన్ని, పశువైద్యులు చెప్పేదాన్ని కలిపి ఈ వారం పాఠంగా ఇస్తున్నాం.

రాకముందే తేల్చుకోవలసిన పైసలు

అక్కడి కంపెనీ నుంచి రావలసిన సర్వీసు డబ్బు వదులుకుని వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. యూఏఈ చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండినవారికి మొదటి 5 ఏళ్లలో ఏడాదికి 21 రోజుల మూలవేతనం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి 30 రోజుల మూలవేతనం ఇవ్వాలి. ఓవర్‌టైము, తిండి ఖర్చు ఇందులో కలవవు. మూలవేతనం 900 దిర్హాములున్న మనిషి 11 ఏళ్లు చేస్తే 285 రోజుల లెక్కన 8,550 దిర్హాములు వస్తాయి. మన డబ్బులో సుమారు రెండు లక్షలు. అంటే రెండు మంచి బర్రెలు! సౌదీలో మొదటి 5 ఏళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం. అయితే అక్కడ తనంతట తాను మానుకుంటే రెండేళ్లలోపు ఏమీ రాదు. అయిదేళ్లలోపు మూడో వంతు, పదేళ్లలోపు మూడింట రెండు వంతులు, పదేళ్లు నిండితే పూర్తిగా వస్తుంది. తొమ్మిదిన్నర ఏళ్లకు మానుకుని వచ్చేవారు ఈ సంగతి తెలుసుకుంటే ఇంకో ఆరు నెలలు ఓపిక పడతారు.

వచ్చాక బ్యాంకుకు పోయి, శాశ్వతంగా తిరిగివచ్చానని చెప్పి ఎన్ఆర్ఈ ఖాతాను మామూలు ఖాతాగా మార్పించుకోవాలి. ఇది నిబంధన.

ముందు మిత్తి అప్పు, తర్వాతే వ్యాపారం

వీసా కోసం తెచ్చిన అప్పు, చెల్లె పెళ్లికి తెచ్చిన అప్పు ఏది మిగిలున్నా ముందు దాన్ని తీర్చాలి. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే వినడానికి తక్కువగా ఉంటుంది గాని ఏడాదికి నూటికి 24 రూపాయలు. రెండు లక్షల అప్పు మీద నెలకు 4 వేలు, ఏడాదికి 48 వేలు పోతాయి. మూడు రూపాయల మిత్తి అయితే చెప్పనక్కర లేదు. పల్లెలో చేసే ఏ చిన్న వ్యాపారమూ మొదటి ఏడాది నూటికి 24 మిగల్చదు. అప్పు అట్లాగే ఉంచి బర్రెలు కొంటే, పాల పైసలు షావుకారికి పోతాయి, పేడ మనకు మిగులుతుంది.

అప్పు పోయాక ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాలి. పిల్లల ఫీజు, మందులు, ఒక పెళ్లో చావో వస్తే పెట్టేది, అన్నీ ఇందులోనే. మిగిలినదాంట్లో సగం బ్యాంకులో ఫిక్స్‌డ్ వేసి, మిగతా సగంతోనే పని మొదలుపెట్టాలి. సగమెందుకంటే, మొదటి తప్పు ఎవరైనా చేస్తారు. రెండోసారి లేచి నిలబడడానికి ఆ సగం ఉండాలి.

ఇల్లు కట్టడం గురించి ఒక మాట. స్లాబు ఇల్లు ఊళ్లో గౌరవమే, కాదనను. కాని గల్ఫ్ నుంచి వచ్చిన మొదటి ఏడాదే పైఅంతస్తు లేపి, కింద కూర్చుని మళ్లీ వీసా కోసం ఏజెంటుకు ఫోన్లు చేస్తున్నవారిని చాలామందిని చూశాను.

ఇంట్లో ఎవరికి ఏం తెలుసో అడగండి

మీరు ఎడారిలో ఉన్న ఇన్నేళ్లూ ఇక్కడ వ్యవసాయం నడిపింది ఎవరు? ఎరువుల దుకాణంలో బాకీ ఎంతో, పాలకేంద్రంలో వెన్న శాతం ఎట్లా చూస్తారో, ఏ రైతు గడ్డి అమ్ముతాడో మీ భార్యకు తెలిసినంత మీకు తెలియదు. మహిళా సంఘంలో అప్పు తెచ్చి కట్టిన అనుభవం కూడా ఆమెదే. స్త్రీనిధి అప్పు ఆమె పేరునే వస్తుంది. వచ్చీరాగానే పెత్తనం చేతిలోకి తీసుకుని ఆమెను పక్కన కూర్చోబెడితే ఆ అనుభవమంతా వృథా. పై రైతు ట్రాక్టరు కొనేటప్పుడు ఇంట్లో అడగలేదు. "అడిగితె వద్దంటదని తెలుసు, అందుకే అడగలే" అని నవ్వారు.

అట్లాగే మీరు తెచ్చుకున్న పనితనాన్ని తక్కువ చేసుకోవద్దు. ఏసీ పని, వెల్డింగు, మోటారు వైండింగు, పైపుల పని వచ్చినవారు బర్రెల జోలికి పోనవసరం లేదు. మండల కేంద్రంలో మోటారు వైండింగు దుకాణానికి యాసంగిలో ఎంత గిరాకీ ఉంటుందో రైతులకు వేరే చెప్పాలా! ఇటువంటి పనికి బ్యాంకులో ముద్ర రుణం ఉంది. శిశు విభాగంలో 50 వేల వరకు, కిశోర్ విభాగంలో 5 లక్షల వరకు ఇస్తారు, తాకట్టు అడగరు. కూలి పని తప్ప వేరే పని చేయనివారికి, ఇంటి దగ్గర కొంత భూమి, నీరు ఉన్నవారికి మాత్రం పాడి అనుకూలం.

గడ్డి ముందు, బర్రె తర్వాత

చాలామంది బర్రెలను తెచ్చి, ఆ తర్వాత గడ్డి కోసం తిరుగుతారు. అది తలకిందుల పని. ఊరికి వచ్చిన వెంటనే నీరు పారే చోట 20 గుంటలలో సూపర్ నేపియర్ గాని, కో-4 గాని నాటుకోవాలి. సాళ్ల మధ్య రెండున్నర అడుగులు, మొక్కకు మొక్కకు రెండడుగులు ఉంచితే 20 గుంటలకు సుమారు 4,500 కణుపు ముక్కలు పడతాయి. రెండు కణుపుల ముక్క తీసుకుని, ఒక కణుపు మట్టిలో ఉండేలా ఏటవాలుగా గుచ్చాలి. పశువుల ఎరువు దండిగా వేయాలి. మొదటి కోత 70-75 రోజులకు, తర్వాత 45 రోజులకొకటి వస్తుంది. నాలుగు పశువులకు రోజుకు 25 కిలోల చొప్పున ఏడాదికి 36 టన్నుల పైన పచ్చిగడ్డి కావాలి. బాగా పోషించిన 20 గుంటలు దాన్ని ఇవ్వగలవు. గట్ల మీద అలసంద గాని, లూసర్న్ గాని పెంచుకుని నేపియర్‌లో కలిపి మేపితే దాణా కొంత తగ్గుతుంది. గడ్డిని నరికి వేయకపోతే కాడలన్నీ తొక్కుడుకే పోతాయి గనుక చాఫ్ కట్టర్ తప్పనిసరి.

ఆ 75 రోజులు ఖాళీగా ఉండకుండా జిల్లాలోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో పాడి శిక్షణకు పోవాలి. బ్యాంకులు నడిపే సంస్థ ఇది. శిక్షణ ఉచితం, తిండి, పడక వాళ్లే చూస్తారు. కరీంనగర్ వైపు వారికి జమ్మికుంట, నిజామాబాద్ వైపు వారికి రుద్రూర్ కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. శిక్షణకన్నా మంచి బడి మరొకటుంది. పాడి చేసే రైతు దగ్గర పదిహేను రోజులు తెల్లవారుజామున నాలుగు గంటలకు పోయి పేడ తీయండి. పదహారో రోజు కూడా పోవాలనిపిస్తే మీకు ఈ పని పడుతుంది.

అసలు లెక్క ఇదీ

"బర్రె పూటకు 5 లీటర్లు, రోజుకు 10 లీటర్లు, నాలుగు బర్రెలకు 40 లీటర్లు, లీటరు 60, రోజుకు 2,400" అని బ్రోకర్లు చెప్పే లెక్క విని మోసపోవద్దు. బర్రె ఏడాది పొడవునా పది లీటర్లు ఇవ్వదు. ఈనిన కొత్తలో ఇస్తుంది, పోనుపోను తగ్గుతుంది, తర్వాత వట్టిపోతుంది. వట్టిపోయిన రోజుల్లో కూడా తింటుంది.

మంచి గ్రేడెడ్ ముర్రా బర్రె 300 రోజుల పాడిలో సగటున రోజుకు ఆరున్నర లీటర్లు ఇచ్చిందనుకుందాం. ఈతకు 1,950 లీటర్లు. మన పల్లెల్లో ఒక ఈతకు మరో ఈతకు మధ్య 15 నెలలు, అంటే 450 రోజులు పడుతుందనుకుంటే, 1,950ని 450తో భాగిస్తే రోజుకు 4.3 లీటర్లే. నాలుగు బర్రెలకు 17 లీటర్ల పైచిలుకు. 40 ఎక్కడ, 17 ఎక్కడ!

ఇక మేపు. పాలిచ్చే బర్రెకు ఒళ్లు నిలుపుకోవడానికి కిలోన్నర దాణా, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు కిలో దాణా ఇవ్వాలి. ఆరున్నర లీటర్లకు 4.75 కిలోలు అవుతుంది. దాణా కిలో 28 రూపాయలు, వరిగడ్డి 6 కిలోలకు 24, పచ్చిగడ్డి 25 కిలోలకు 25 రూపాయలు వేసుకుంటే రోజుకు 182 రూపాయలు. వట్టిపోయిన బర్రెకు 2 కిలోల దాణాతో 105 రూపాయలు. 300 రోజులు పాడి, 150 రోజులు వట్టి కలిపి చూస్తే సగటున రోజుకు 156 రూపాయలు. సొంత గడ్డికి కూడా వెల కట్టాలి. ఆ గడ్డి అమ్మితే పైసలు వచ్చేవే కదా.

లీటరుకు 60 రూపాయల చొప్పున 4.3 లీటర్లకు వచ్చేది సుమారు 260. మేపు పోను 104. నాలుగు బర్రెలకు 416. మందులు, ఖనిజ లవణాలు, బీమా, కరెంటుకు రోజుకు 60 తీసేస్తే 356. నెలకు 10,680 రూపాయలు. ఇందులో ఇంట్లో తాగే లీటరు పాలు పోతే ఇంకో 1,800 తగ్గుతాయి. లక్షకు కొన్న బర్రె ఆరేళ్లకు ముసలిదై సగానికి అమ్ముడుపోతుంది గనుక ఆ తరుగు నెలకు మూడు వేల దాకా పక్కన పెట్టుకోవాలి. చివరికి మిగిలేది ఒక మనిషి కూలి కూడా కాదు.

భయపెట్టడానికి ఈ లెక్క ఇవ్వడం లేదు. లాభం ఎక్కడ దాగి ఉందో చూపడానికి ఇస్తున్నాం. ఈ ధరలు లెక్క కోసం వేసినవి. మీ ఊరి ధరలు వేసుకుని మళ్లీ చేయండి.

లాభం ఎదలో ఉంది

బర్రె చూడికాలం 310 రోజులు, అంటే పది నెలల పది రోజులు. ఈనిన 95 రోజులలోపు చూడి కడితే, ఈతకు ఈతకు మధ్య 405 రోజులే పడుతుంది. 450 రోజులు పట్టిందంటే 45 రోజులు వృథా. ఎద 21 రోజులకొకసారి వస్తుంది గనుక, రెండు ఎదలు మన కన్నుగప్పి పోయాయన్న మాట. 405 రోజులకు తెస్తే సగటు పాలు 4.8 లీటర్లకు పెరిగి, మేపు పోను ఒక్కో బర్రె మీద రోజుకు 104 బదులు 127 మిగులుతుంది. నాలుగింటి మీద నెలకు 2,800 దాకా తేడా. దాణా పెంచకుండా, కొత్త బర్రె కొనకుండా వచ్చే పైసలు ఇవి.

అయితే బర్రెలది మూగ ఎద. ఆవులాగా గోల చేయవు, ఒకదాని మీద ఒకటి ఎక్కవు. రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున గమనించాలి. మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోయడం, ఆ పూట పాలు తగ్గడం, మానం నుంచి గాజులాంటి తీగ కారడం, మేత సరిగా తినకపోవడం గుర్తులు. సాయంత్రం ఎద కనబడితే మరునాడు ఉదయం, ఉదయం కనబడితే సాయంత్రం సూది వేయించాలి. వేసిన తేదీ గోడ మీద రాయాలి. 21వ రోజు మళ్లీ చూడాలి. మళ్లీ ఎదకు రాలేదని ఊరుకోకుండా మూడో నెలలోపు డాక్టరుతో చూడి పరీక్ష చేయించాలి. ఎండాకాలంలో ఎద అసలు కనబడదు. మధ్యాహ్నం రెండుసార్లు నీళ్లు చల్లి, నీడ, చల్లని తాగునీరు ఉంచితే కొంత మేలు.

గల్ఫ్‌లో సెక్యూరిటీ డ్యూటీ చేసి వచ్చినవారికి రాత్రి మేలుకోవడం కొత్త కాదు. మా రైతు మిత్రుడు రాత్రి పదింటికి, తెల్లారి నాలుగింటికి టార్చిలైటు పట్టుకుని కొట్టంలో తిరుగుతారు. "అక్కడ సేటు గోదాం కాసిన, ఇక్కడ నా బర్లను కాస్తున్న" అంటారాయన.

రెండో దారి అమ్మకం. సగం పాలు, అంటే తొమ్మిదిన్నర లీటర్లు పాలకేంద్రానికి కాకుండా మండల కేంద్రంలో ఇళ్లకు లీటరు 80కి వేయగలిగితే రోజుకు 190, నెలకు 5,700 అదనం. పై రెండూ కలిస్తే నెలకు 19 వేల దాకా వస్తుంది. ఇంటి పాలు, తరుగు తీసేసినా 14 వేలు నిలుస్తాయి. పెట్రోలు ఖర్చు తీసుకోవడం మరవొద్దు. ఇరవై ఇళ్లు దొరుకుతాయా లేదా అనేది బర్రె కొనకముందే తిరిగి, అడిగి, నోటుబుక్కులో రాసుకోవాలి. నీళ్లు కలపని పాలకు పట్నం దగ్గరి ఊళ్లలో గిరాకీకి కొదవ లేదు. ఒక్కసారి కలిపారని పేరొస్తే మాత్రం అంతే సంగతులు.

కొనేటప్పుడు

నాలుగూ ఒకేసారి కొనవద్దు. మొదట రెండు, అయిదారు నెలలకు మరో రెండు కొంటే ఒక జత వట్టిపోయేసరికి మరో జత పాలు ఇస్తుంటుంది. ఖాతాదారుల ఇళ్లకు పాలు ఆగవు. రెండో ఈత బర్రెను, ఈని పది పదిహేను రోజులైనదాన్ని చూసుకోవాలి. వరుసగా మూడు పూటలు ఎదురుగా పిండించి చూడాలి. అంగడిలో ఒక పూట పిండకుండా ఆపి, పొదుగు నింపి చూపిస్తారు. ఒక పూట చూసి బయానా ఇస్తే తర్వాత ఏడ్వాల్సిందే. నాలుగు చన్నుల నుంచీ ధార సమంగా రావాలి. తొలిధారలు నల్లని గుడ్డ మీద పిండి చూస్తే, తెల్లటి పలుకులు పడితే పొదుగువాపు ఉన్నట్టు. హర్యానా నుంచి లారీలో వచ్చిన బర్రె ఇక్కడి నీటికి, మేతకు అలవాటు పడేదాకా పాలు తగ్గుతుందని ముందే తెలిసి ఉండాలి.

తెచ్చిన వెంటనే బీమా చేయించి, చెవికి పోగు వేయించాలి. పోగు ఊడితే వెంటనే కొత్తది వేయించి బీమా వారికి తెలపాలి. పోగు లేని పశువు చనిపోతే పైసలు రావు. వానలకు ముందు గొంతువాపు, జబ్బవాపు టీకాలు, ఏడాదికి రెండుసార్లు గాలికుంటు టీకా, వేళకు నట్టల మందు. పశువు లేవలేని స్థితిలో ఉంటే 1962కు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం ఊరికే వస్తుంది.

మేపు ఖర్చులకు సేటు దగ్గరికి పోనవసరం లేదు. కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుంచి పశుపోషణకు కూడా వర్తిస్తోంది. పశుపోషణకు 2 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోగా కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. పట్టా పాసుపుస్తకంతో పాటు పశువుల వివరాలు తీసుకుని బ్యాంకుకు పోవాలి. సబ్సిడీ పథకాల మాట ఎవరైనా చెబితే ఒకటి గుర్తుంచుకోండి. సబ్సిడీ సాధారణంగా చేతికి రాదు, అప్పు ఖాతాలో జమగా ఉండి చివర్లో సర్దుబాటు అవుతుంది. ముందు మొత్తం అప్పు మన నెత్తినే ఉంటుంది. సబ్సిడీ వస్తుందని రెండు బర్రెల చోట పది బర్రెలకు పోవద్దు. కేరళలో తిరిగివచ్చిన ప్రవాసులకు నోర్కా సంస్థ ద్వారా 30 లక్షల వరకు ప్రాజెక్టులకు 15 శాతం, గరిష్ఠంగా 3 లక్షల సబ్సిడీ, సక్రమంగా కట్టేవారికి వడ్డీలో 3 శాతం రాయితీ ఇచ్చే పథకం పెట్టారు. మన గల్ఫ్ సంఘాలవారు అటువంటిది ఇక్కడా కావాలని అడగడంలో న్యాయముంది.

ఇక కాలం సంగతి. బర్రెలు ఎక్కువగా శ్రావణం నుంచి మార్గశిరం దాకా ఈనుతాయి. అంగడిలో ఏరుకోవడానికి అప్పుడే ఎక్కువ దొరుకుతాయి. మృగశిర కార్తెలో తొలకరి పడగానే నేపియర్ నాటితే భాద్రపదం నాటికి మొదటి కోత చేతికి వస్తుంది. కనుక ఎండాకాలంలో ఊరికి చేరినవారు మే నెలలో కొట్టం బాగు చేసుకుని, కణుపు ముక్కలకు పశువైద్యశాలలో ముందే చెప్పి ఉంచుకోవాలి.